ఉత్తరాలు మోసేదే అనుకున్నాను

పెదవేగి పిల్లలకు జీవశాస్త్రం చెప్పినన్నాళ్లూ నేను గట్టిగా నమ్మిన మాట ఒకటుంది: హుకుం డీఎన్‌ఏది, పని ప్రోటీన్‌ది, నడుమ ఆర్‌ఎన్‌ఏ ఉత్తరం మోసే బంట్రోతు. "మాస్టారూ, ఆ ఆర్‌ఎన్‌ఏ తనంతట తాను పని ఆపలేదా?" అని ఆయిల్‌పామ్ రైతు బిడ్డ ఒకమ్మాయి అడిగింది. "పుస్తకంలో లేనివి అడక్కమ్మా" అని కూర్చోబెట్టేశాను.

అప్పటికే దానికి జవాబు ఉంది. 2002లోనే అమెరికాలో రోనాల్డ్ బ్రేకర్ బృందం బ్యాక్టీరియాలో దాన్ని చూపించింది. మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ మొదటి భాగం విటమిన్‌ను నేరుగా పట్టుకుంటుంది. పట్టుకోగానే దాని మడత మారుతుంది, రైబోజోమ్ వచ్చి కూర్చునే చోటు మూసుకుపోతుంది, ప్రోటీన్ తయారీ ఆగుతుంది. ఇదంతా ఏ ప్రోటీన్ సాయమూ లేకుండానే జరుగుతుంది. అదే రైబోస్విచ్.

తర్వాత మనుషులే వాటిని కట్టడం మొదలుపెట్టారు. 2004లో దేశాయ్, గాలివన్ అనే శాస్త్రవేత్తలు ఈ-కోలైలో థియోఫిలిన్ తగిలితేనే జన్యువు పనిచేసేలా చేశారు. థియోఫిలిన్ ఉబ్బసం మందు. దానికీ కెఫీన్‌కూ తేడా ఒక్క మిథైలే, అయినా ఆ ఆర్‌ఎన్‌ఏ కెఫీన్‌ను దగ్గరికి రానివ్వదు. 2014లో మరో ఆర్‌ఎన్‌ఏ వచ్చి జతకూడితేనే తెరుచుకునే టోహోల్డ్ స్విచ్‌లు వచ్చాయి. 2016కల్లా వాటిని కాగితం మీద ఆరబెట్టి జికా వైరస్‌ను గుర్తించారు.

నన్ను ఇంకా బాధించేది వేరే ఉంది. కొల్లేరు దాటితే భీమవరం. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసిందని ఏటా గర్వంగా చెప్పేవాణ్ణి. ఆ విటమిన్ కణంలో పనిచేసే రూపం టెట్రాహైడ్రోఫోలేట్. దాన్ని పసిగట్టే రైబోస్విచ్‌ను బ్రేకర్ బృందం 2010లో బ్యాక్టీరియాలోనే కనిపెట్టింది. సుబ్బారావు గారి పేరు తలుచుకున్నాను గానీ, ఆయన పనికి కొనసాగింపుగా లోకంలో ఏం జరుగుతోందో చూడలేదు.

తెలియకపోవడం తప్పు కాదు. తెలిసినట్టు ఆ పిల్ల నోరు మూయించడమే నా మూర్ఖత్వం. పాఠం చెప్పే వాళ్లందరికీ ఒక్కటే మనవి: పుస్తకంలో లేని ప్రశ్న వస్తే "నాకు తెలియదు, కలిసి వెతుకుదాం" అనండి. ఆ ప్రశ్న అడిగిన పిల్లను మాత్రం కూర్చోబెట్టకండి.