అరచేతిలో ఆర్డుయినో

ఏటా మార్చి వచ్చేసరికి విజయవాడ చుట్టుపక్కల చెత్తబుట్టలకు తెలివి వచ్చేస్తుంది. చెయ్యి చూపిస్తే చాలు, మూత తెరుచుకుంటుంది. కృష్ణకు అటూ ఇటూ ఏ ఇంజినీరింగ్ కాలేజీ ప్రాజెక్ట్ ఎక్స్‌పోకు వెళ్ళినా తెల్లగుడ్డ కప్పిన బల్ల మీద ఆ బుట్ట మిమ్మల్ని పలకరిస్తుంది. ముందువైపు రెండు గుండ్రటి కళ్ళు, అంటే అల్ట్రాసోనిక్ సెన్సర్. మూత కింద బుల్లి నీలం రంగు సర్వో మోటారు. పక్కన ఆర్డుయినో బోర్డు, దానిలోంచి రంగురంగుల జంపర్ వైర్లు. బల్ల వెనక టైలు కట్టుకున్న నలుగురు పిల్లలు. ఒకరు మాట్లాడుతుంటారు, ముగ్గురు ఆ మాట్లాడేవాడి వంక గర్వంగా చూస్తుంటారు. ముఖ్య అతిథి చెయ్యి పెడతారు, మూత లేస్తుంది, చప్పట్లు. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో పడుతుంది. కింద 'విద్యార్థుల నూతన ఆవిష్కరణ' అని ఉంటుంది.

ఈ బుట్టది చిన్నాచితకా వంశం కాదు. మొదట్లో దీని పేరు ఆటోమేటిక్ డస్ట్‌బిన్. కేంద్రం 2015లో స్మార్ట్ సిటీలు ప్రకటించగానే ఇదీ స్మార్ట్ డస్ట్‌బిన్ అయింది. ఆ తర్వాత ఓ వైఫై చిప్పు తగిలించి ఐఓటీ డస్ట్‌బిన్ అన్నారు. 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చింది, బుట్టకు ఏఐ పట్టింది. సెన్సరు అదే, మోటారు అదే, మూత అదే. అమరావతికి క్వాంటమ్ వ్యాలీ వస్తుందని 2025లో ప్రకటించారు కాబట్టి క్వాంటమ్ డస్ట్‌బిన్ కూడా దారిలోనే ఉండాలి. దాని మూత ఏకకాలంలో తెరుచుకునీ మూసుకునీ ఉంటుంది. ఎక్స్‌పో రోజు మధ్యాహ్నానికి బ్యాటరీ దిగిపోయాక ఇప్పటి బుట్టల పరిస్థితీ దాదాపు అదేననుకోండి.

ఇంతకీ బెజవాడకు చెత్తతో ఉన్న ఇబ్బంది మూత తెరవడం దగ్గర కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచి వెళ్ళాక సింగ్‌నగర్ వీధుల్లో నానిన పరుపులు, చెడిన ఫ్రిజ్‌లు, బురద పట్టిన సోఫాలు గుట్టలు పడ్డాయి. వాటికి మూత తెరిచేవాడు అక్కర్లేకపోయింది, ఎత్తేవాడు కావలసి వచ్చాడు. అయితే ఎత్తేవాడి నడుం నొప్పి మీద ప్రాజెక్టు చేస్తే అందులో నావెల్టీ లేదంటారు.

చేసి నేర్చుకోవడం అన్న ఆలోచన మీద నాకేమీ కోపం లేదు. కిల్‌పాట్రిక్ అనే అమెరికా పంతులుగారు 1918లోనే ప్రాజెక్టు పద్ధతి మీద వ్యాసం రాశాడు. గాంధీజీ 1937లో వార్ధాలో చేతిపని చుట్టూ చదువు అల్లాలన్నాడు. డెన్మార్క్‌లో ఆల్‌బోర్గ్ అనే ఊళ్ళో 1974లో పెట్టిన విశ్వవిద్యాలయంలో విద్యార్థి కాలంలో దాదాపు సగం ప్రాజెక్టులకే పోతుంది. అక్కడ పిల్లలు ముందు సమస్యను వెతుక్కుంటారు. మనం ఇంకా ముందున్నాం. మన దగ్గర ముందు టైటిల్ దొరుకుతుంది, సమస్య ఎప్పటికీ దొరకదు.

ఆ టైటిల్ దొరికేచోటు ప్రాజెక్ట్ సెంటర్. అమీర్‌పేటలో పుట్టి బెజవాడకు కాపురానికొచ్చిన పరిశ్రమ ఇది. మెట్లెక్కి వెళ్ళి కూచుంటే కౌంటరు వెనక అమ్మాయి రెండే ప్రశ్నలు అడుగుతుంది: హార్డ్‌వేర్ కావాలా, సాఫ్ట్‌వేర్ చాలా? ఎక్స్‌టెన్షన్‌తోనా, మామూలుగానా? ఆ తర్వాత అంతా పెళ్ళి క్యాటరింగు వ్యవహారమే, ప్లేటును బట్టి ఐటెములు. బేస్ పేపరు, కోడు, డాక్యుమెంటేషను, పీపీటీ, వైవాలో అడగబోయే ప్రశ్నలు, వాటి జవాబులు. అన్నిటికీ మించి 'ఎక్స్‌ప్లనేషన్'. అంటే మీరు చేసిన ప్రాజెక్టు ఏమిటో మీకు చెప్పే క్లాసు. దీనికి టైమివ్వడమే కొందరికి కష్టం. వాట్సాప్‌లో వీడియో పెట్టెయ్యమంటారు.

డాక్యుమెంటేషన్‌లో నాకు బాగా నచ్చే పేజీ కృతజ్ఞతలది. యాజమాన్యానికి, ప్రిన్సిపాల్‌కు, హెచ్‌ఓడీకి, గైడుకు, ల్యాబ్ అసిస్టెంటుకు, అమ్మానాన్నలకు, పైనున్న దేవుడికి వినయంగా దండాలు పెడతారు. ఆ బోర్డును సోల్డరింగ్ చేసిన షాపు కుర్రాడి పేరు మాత్రం ఉండదు. ఆ కుర్రాడు మొన్నమొన్న పాసైన బీటెక్కే కావచ్చు. నాలుగేళ్ళ చదువులో ఒక్క ప్రాజెక్టూ చెయ్యనివాడు షాపులో చేరిన నెలకే వరసపెట్టి చేసిపడేస్తుంటాడు. చేసి నేర్చుకోవడమంటే ఏమిటో మన విద్యావ్యవస్థ మొత్తమ్మీద వాడొక్కడికే తెలిసింది.

కంప్యూటర్ సైన్సు వాళ్ళకు సోల్డరింగ్ కంపు కూడా ఉండదు. అక్కడ గొప్ప ప్రాజెక్టు ఆకు ఫొటో చూసి తెగులు చెప్పడం. వినగానే రైతుబిడ్డల గుండె పొంగుతుంది. ఎక్కువమంది దీనికి వాడే ఫొటోల సంపుటి ప్లాంట్‌విలేజ్. ఒక అమెరికా విశ్వవిద్యాలయం వాళ్ళది, 54 వేల పైచిలుకు ఫొటోలు. అందులో 14 పంటలున్నాయి: యాపిల్, ద్రాక్ష, చెర్రీ, బ్లూబెర్రీ, స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ, పీచ్, ఇంకా టమాటా, మొక్కజొన్న, బంగాళాదుంప వగైరా. వరి లేదు. పత్తి లేదు. మిరప పేరుతో ఉన్నది పిజ్జా మీద వేసే బెంగళూరు మిరపకాయ. తెచ్చుకున్న ఆ ఫొటోల మీదే నేర్పి, ఆ ఫొటోల్లోంచే కొన్ని తీసి పరీక్ష పెట్టి, 98 శాతం ఖచ్చితం అని బంగారు అక్షరాల అట్ట వేయిస్తున్నాం. అవనిగడ్డ వైపు స్ట్రాబెర్రీ తోటలు నాకెన్నడూ ఎదురుపడలేదు గానీ, ఉంటే వాటికి ఏ ఢోకా లేదు. వరికి అగ్గితెగులో పొడతెగులో వస్తే మటుకు రైతు పురుగుమందుల కొట్టువాడినే అడగాలి. కొట్టువాడు ఆకు చూడకుండానే చెబుతాడు, అది వేరే టెక్నాలజీ.

పొలం దాకా వెళ్ళలేదు కదా అని పిల్లల్ని ఆడిపోసుకోకండి. పొలమే కాలేజీకి వస్తుంది, పూలకుండీలో. కుండీలో మట్టి, మట్టిలో రెండు కాళ్ళ సెన్సరు, పక్కన గ్లాసులో నీళ్ళు, అందులో బుల్లి మోటారు. మట్టి ఎండితే మోటారు తిరుగుతుంది, తడిస్తే ఆగుతుంది. పేరు 'రైతన్నకు స్మార్ట్ నీటిపారుదల'. అనంతపురంలో బోరుబావి కింద చీనీతోట ఉన్నవాడికైతే ఇందులో ఏదో ఒక అర్థం చెప్పొచ్చు. కానీ దీన్ని కృష్ణా డెల్టా రైతుకు చూపిస్తున్నారు. వరిచేలో నీళ్ళు నిలబడే ఉంటాయి. ఆ సెన్సరును తెచ్చి చేలో గుచ్చితే తడి, తడి, తడి అని మొరపెట్టుకుని, కొన్ని వారాల్లో కాళ్ళు తుప్పుపట్టి ఊరుకుంటుంది.

డెల్టాలో మోటారు ఆన్ చేసేది మట్టి కాదు. ప్రకాశం బ్యారేజీ దగ్గర పైకి ఎంత నీరు వచ్చింది, బందరు కాలువకు ఎంత వదిలారు, రైవస్‌కు ఎంత వదిలారు, వంతు ఎవరిది, మధ్యలో ఎవరు అడ్డుకట్ట వేశారు, తూటుకాడ పెరిగినచోట ఎంత ఆగింది, లస్కరు షట్టరు ఎత్తాడా లేదా అన్నవే తేలుస్తాయి. దాదాపు 13 లక్షల ఎకరాలు ఈ లెక్క మీద బతుకుతున్నాయి. కాలువ చివరి భూముల రైతుకు తన మట్టి తడిగా ఉందో లేదో చెప్పడానికి యాప్ అక్కర్లేదు, కాళ్ళున్నాయి. తన దాకా నీరు ఏ రోజుకు వస్తుందో చెప్పేవాడు కావాలి. నాలుగు లాకుల దగ్గర నాలుగు కొలబద్దలు పాతి, రోజూ మట్టం రాసుకుని, నీరు ఎంతసేపటికి ఎక్కడికి చేరుతోందో లెక్క కడితే నిజంగా ఒక ప్రాజెక్టు అవుతుంది. అందులో ఇంజినీరింగుంది, కోడుంది, తగాదా కూడా ఉంది. కానీ దాని కోసం గట్టు మీద లస్కరుతో పాటు కూచోవాలి. అటెండెన్స్ పోతుంది.

అటెండెన్స్ మాట వచ్చింది గనక కాగితాల సంగతీ అనుకుందాం. 2014లో మన దేశం వాషింగ్టన్ ఒప్పందంలో శాశ్వత సభ్యురాలయింది. మన గుర్తింపు పొందిన ఇంజినీరింగ్ కోర్సులకు బయటి దేశాల్లోనూ విలువ ఉండాలన్నది ఉద్దేశం. అది ఊరు చేరేసరికి ఎక్సెల్ షీటు అయింది. ప్రతి ప్రాజెక్టూ ఏ 'అవుట్‌కమ్'కు ఎంత సాయం చేసిందో 1, 2, 3 అని అంకెలు వెయ్యాలి. చెత్తబుట్ట 'జీవితాంతం నేర్చుకునే గుణం'కు 3, 'నైతికత'కు 2. ఈ అంకెలు రాత్రిళ్ళు కూచుని నింపేది చాలీచాలని జీతానికి పనిచేసే లెక్చరరు. పగలు ఆయన గైడు, అంటే పది బ్యాచ్‌ల రికార్డుల మీద సంతకం. పిల్లలు సెంటర్లో కొన్నారని ఆయనకు తెలుసు. ఆయనకు తెలుసని పిల్లలకు తెలుసు. అడిగితే ఆయన ఉద్యోగం, చెబితే వాళ్ళ డిగ్రీ. ఇంత సామరస్యం ఇరుగుపొరుగు రాష్ట్రాల మధ్య ఉంటే నీటి ట్రిబ్యునళ్ళతో పనిలేకపోను. ఇక కాగితాలు చూడ్డానికి పైనుంచి వచ్చే తనిఖీ బృందాల మీద మరీ ఆశ పెట్టుకోకండి. 2025 ఫిబ్రవరిలో కాలేజీలకు రేటింగిచ్చే న్యాక్ బృందంలోని వాళ్ళనే ఆ రేటింగు కోసం లంచం కేసులో సీబీఐ అరెస్టు చేసింది. కేసు కోర్టు తేల్చాలి, మనం తొందరపడకూడదు.

వర్చువల్ ఇంటర్న్‌షిప్ అని ఇంకొకటుంది. చేతులతో పని నేర్చుకోవడానికి పది వారాలు వీడియోలు చూడటం. శ్రద్ధగలవాళ్ళు రెట్టింపు వేగంతో చూసి అయిదు వారాల్లో ముగిస్తారు. మరీ శ్రద్ధగలవాళ్ళు వీడియో నడుస్తుండగా నిద్రపోతారు.

చేతుల సంగతి అడిగితే బెజవాడకు వాటి కొరత ఎన్నడూ లేదు. ఆటోనగర్‌కు వెళ్ళండి. ఒట్టి ఛాసిస్‌తో వచ్చిన లారీ తొట్టి కట్టించుకుని, రంగులేయించుకుని, అద్దానికి నిమ్మకాయ వేలాడదీసుకుని వెళ్తుంది. పది తప్పిన కుర్రాడు ఇంజిన్ చప్పుడు విని రోగం ఎక్కడుందో చెబుతాడు. కాలేజీ బస్సులు రోజూ ఆ పక్కగానే పోతుంటాయి, అద్దాలు వేసుకుని.

అలాంటి చేతుల విలువ వరదొస్తే తెలుస్తుంది. 2024 సెప్టెంబరులో రికార్డు వరద, 11.43 లక్షల క్యూసెక్కులు ప్రకాశం బ్యారేజీ మీదికి వచ్చింది. పైనుంచి కొట్టుకొచ్చిన పడవలు గుద్ది గేట్ల కౌంటర్‌వెయిట్లు విరిగాయి. అప్పుడు రిటైరై ఏళ్ళు గడిచిన గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడుగారు వచ్చి దగ్గరుండి బాగుచేయించారు. అంతకుముందు నెలలోనే తుంగభద్రలో కొట్టుకుపోయిన గేటు చోట, నీళ్ళు దూకుతుండగానే పలకలు దింపించింది కూడా ఆయనే. 2019లో గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిన పడవను వెలికి తీసింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం. తాళ్ళు, లంగర్లు, పొక్లెయిను వాళ్ళ సామగ్రి. సెప్టెంబరు 15న మునిగింది, అక్టోబరు 22న పైకొచ్చింది. మధ్యలో తాళ్ళు తెగాయి, మళ్ళీ వేశారు.

కన్నయ్య నాయుడుగారినీ సత్యం బృందాన్నీ మన ప్రాజెక్ట్ రివ్యూ కమిటీ ముందు నిలబెడితే ఏమయ్యేదో నేను చెప్పగలను. 'బేస్ పేపర్ ఏదండీ? లిటరేచర్ సర్వేలో కనీసం పదిహేను రిఫరెన్సులుండాలి కదా. మొదటిసారి తాడు తెగిందని మీరే రాశారు, ఇలాంటివి రిపోర్టులో రాయరు. మార్జిన్ ఒకటిన్నర అంగుళం పెట్టుకుని మళ్ళీ రండి.' పడవ నీళ్ళలోనే ఉండేది, రిపోర్టు మాత్రం లామినేషన్‌తో సహా ఒడ్డుకు చేరేది.

మన ప్రాజెక్టుల్లో ఏ తాడూ తెగదు. నా అభ్యంతరమంతా అక్కడే. రెండొందల రిపోర్టులు తిరగేసినా 'అనుకున్నది పని చెయ్యలేదు, ఎందుకో ఇదీ' అన్న అధ్యాయం కనబడదు. అన్నీ మొదటిసారికే విజయవంతం. ప్రతి ఏడూ ఇన్ని వేలమంది ఒక్క తప్పూ చెయ్యకుండా పాసవుతున్న జిల్లాలో వీధిదీపం వెలగకపోవడం ఆశ్చర్యమే.

పాతకాలపు మొదటి సంవత్సరం వర్క్‌షాపు కొంత నయం. ఆకురాయితో ఇనపముక్కను రుద్ది రుద్ది ఒకదాంట్లో ఒకటి అమరేట్టు చెయ్యాలి. అమరకపోతే వెలుతురులో పట్టుకుంటే సందు కనిపించేది, పీపీటీతో కప్పలేం. ఒక దీపానికి రెండు స్విచ్చులు, మెట్ల కిందొకటి, పైనొకటి, వైరింగు తప్పితే ఫ్యూజు ఠప్పుమనేది. తర్వాత ఆ షెడ్లలోనూ కిందటేటి ముక్కలకే గరుకు కాగితం రుద్ది చూపించే సంప్రదాయం వచ్చిందనుకోండి. ఇప్పుడు సీట్లన్నీ కంప్యూటర్ సైన్సు చుట్టూనే తిరుగుతున్నాయి. షెడ్డుకు ఏసీ పెట్టి ఇన్నొవేషన్ హబ్ అని బోర్డు కడితే ఆకురాయి ఎక్కడ పెట్టాలి? త్రీడీ ప్రింటరు మీద గాజుపెట్టె ఉంటుంది, పెట్టెకు తాళం ఉంటుంది, తాళంచెవి హెచ్‌ఓడీ గారి దగ్గర ఉంటుంది, ఆయన మీటింగులో ఉంటారు.

పైసా ఖర్చు లేని సవరణ ఒకటి ప్రతిపాదిస్తున్నాను. వైవా రోజు ఎక్స్‌టర్నల్ గారు వచ్చి ప్రశ్నలేమీ అడగొద్దు. పనిచేస్తున్న బుట్ట దగ్గరికెళ్ళి ఒక వైరు పీకాలి. కంప్యూటర్ వాళ్ళయితే కోడులో ఒక లైను చెరపాలి. 'గంట టైము, మళ్ళీ పనిచేయించండి. ఫోన్లు ఇటివ్వండి' అనాలి. చేసినవాడు పది నిమిషాల్లో పెడతాడు, చెయ్యనివాడు ఆ గంటలోనైనా మొదటిసారి పెట్టెలోపలికి చూస్తాడు. మార్కుల్లో సగం దానికి.

దీనికి అభ్యంతరాలొస్తాయని తెలుసు. పాస్ పర్సెంటేజీ పడిపోతుందని యాజమాన్యం, పిల్లలు ఒత్తిడికి గురవుతారని తల్లిదండ్రులు అంటారు. అవి సర్దుబాటవుతాయి. అసలు చిక్కు వేరే ఉంది. ఏ వైరు పీకితే ఏది ఆగుతుందో ముందు ఎక్స్‌టర్నల్ గారికి తెలియాలి. దానికీ సెంటర్ వాళ్ళను కదిలించాను. వీకెండ్ బ్యాచ్ పెడతామన్నారు, ఫ్యాకల్టీకి డిస్కౌంటట, సర్టిఫికెట్ మాత్రం క్లాసుకు రాకపోయినా ఇచ్చేస్తారట.