ఫ్రీ ఫైబర్, 2,824 రూపాయల 92 పైసలు

సర్కారు వాళ్లు నెలకు మూడొందలకే ఇరవై ఎంబీపీఎస్ నెట్టు అన్నారు కదా, శుభం. 2024 డిసెంబర్ 8న టీ-ఫైబర్ మొదలవగానే హాజిపల్లి, మద్దూరు, సంగుపేట, అడవి శ్రీరాంపూర్ ఊళ్ల పంట పండింది. మా కొల్లాపూర్ వంతు ఎప్పుడో మా గుడిలోని మాధవస్వామికే ఎరుక. ఆ తీగ పడుకున్నది మిషన్ భగీరథ పైపుల పక్కన. మా దిక్కు పైపుల్లో పారేది మా ఎల్లూరు దగ్గర తోడే నీళ్లే, తీగ వంతు మాత్రం రాలేదు. ఏటి అవతల ఆంధ్రావాళ్లు 2017లోనే నెట్టు, టీవీ, ఫోను కలిపి 149 అన్నారు. ఆ ధరా నిలవలేదు, అది వేరే కథ.

అందాకా మాకు ప్రైవేటు ఫైబరే దిక్కు. నెలకు 399. రూటర్ ఫ్రీ, ఫిట్టింగ్ ఫ్రీ. చందా మాత్రం ఆరు నెలలది ముందే కట్టాలి: 2,394. పైన 18 శాతం జీఎస్టీ. మొత్తం 2,824 రూపాయల 92 పైసలు. మామిడితోట బేరగాడైనా పూత చూశాకే అడ్వాన్స్ ఇస్తాడు, మేం స్తంభం చూసి ఇస్తున్నాం.

ఈ ఫ్రీ సంగతి ఇంకా ఉంది. కంపెనీ మారితే ఫ్రీ రూటర్ వాపసు ఇవ్వాలి. తీగ గోడకు వేలాడుతూ ఉంటుంది, కొత్త కంపెనీకి అది అక్కర్లేదు. వాళ్లు ఇంకో తీగ లాగుతారు. అదీ ఫ్రీయే, మళ్లీ ఆరు నెలలు కట్టాక. కోతులకు ఊగడానికి మాత్రం లోటు లేదు.

ఇక ప్లాన్‌లో ‘అన్‌లిమిటెడ్’ పక్కన చుక్క గుర్తు ఉంది చూడండి, దాని హద్దు నెలకు 3,300 జీబీ.

గాజు తీగ చవకే. ఖర్చంతా తవ్వడంలో, లాగడంలో, మనిషిని పంపడంలో ఉంది. హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌కు ఒక్క తీగ లాగితే వంద చందాలు. ఇక్కడ ఒక్క చందాకు వంద గజాలు లాగాలి. అందుకే అక్కడ నాలుగు కంపెనీలు తలుపు తడతాయి, ఇక్కడున్న ఒక్కడూ ఫోనెత్తడు. ఖర్చు ఎక్కువంటే ఒప్పుకుంటాం. ఆ ఖర్చు మా అడ్వాన్సుతో గట్టెక్కించుకుని దానికి ఫ్రీ అని పేరు పెట్టడం మాత్రం మోసం, పచ్చి మోసం! పెట్టుబడి మాది, వడ్డీ లేదు, తీగ వాడిది. అది తెగితే అతికే స్ప్లైసింగ్ మిషన్ వచ్చేదాకా రోజులకు రోజులు నెట్టుండదు. బిల్లులో పైసా తగ్గదు. ఎందుకు తగ్గుతుంది, పైసలు ముందే పుచ్చుకున్నాక?

పాత కేబుల్ టీవీ ఆయనే నయం. నెలాఖరుకు గడపకొచ్చి అడిగేవాడు. బొమ్మ రాకపోతే వాడకట్టంతా కలిసి తిట్టేది, పదో ఇరవయ్యో తగ్గించుకుని పోయేవాడు. ఇప్పుడు ఆయనే ఫైబర్ ఏజెంటు. నెట్టు రావట్లేదని అడిగితే,

“నా చేతుల్లో ఏముంది సార్, యాప్‌లో కంప్లైంట్ పెట్టండి” అన్నాడు.

ఫోనుకు డేటా ప్యాక్ వేసుకుని పెట్టాం. దానికీ ముందే కట్టాం.