పాత స్కీలతో కొత్త కొండ: పొదుపరులకు ఎనిమిది చిట్కాలు

కొలరాడోలో స్కీయింగ్ నేర్చుకున్నవాడికి రెండు మూడు శీతాకాలాలు గడిచేసరికి ఒక జబ్బు పట్టుకుంటుంది. లిఫ్టు క్యూలో నిలబడి, రిసార్ట్ కంచె అవతల ఎవరూ తొక్కని మంచు వైపు చూస్తూ నిట్టూరుస్తుంటాడు. పైగా వేల్ లాంటి రిసార్టులో రద్దీ రోజున కౌంటర్లో ఒక్కరోజు టికెట్ కొంటే 300 డాలర్లు దాటుతోంది. కొండ దేవుడిది, మంచు ఆకాశానిది, కాళ్లు మనవి, మధ్యలో ఈ టికెట్ ఎవరిదని ధర్మసందేహం. పెట్టిన ప్రతి డాలరునూ మనసులో రూపాయల్లోకి మార్చుకునే డెన్వర్ తెలుగువాళ్లకు ఈ సందేహం మరీ ఎక్కువ.

సొంత కాళ్లతో కొండెక్కి స్కీల మీద దిగడాన్ని టూరింగ్ అంటారు. దానికి వేరే బైండింగులు, వేరే బూట్లు, వీలైతే వేరే స్కీలు కూడా కావాలని దుకాణం వాళ్లు చెబుతారు. అమ్ముకునేవాళ్లు అంతకన్నా ఏం చెబుతారు? వాళ్ల మాట పక్కన పెట్టి కింది చిట్కాలు పాటించండి. డబ్బు ఆదా అవుతుంది. మిగతావి ఏమవుతాయో చివరికి మీకే తెలుస్తుంది.

1. అడాప్టర్ కొనండి, ఇంకేమీ కొనకండి

రిసార్టులో వాడే ఆల్పైన్ బైండింగు బూటు ముందు భాగాన్నీ మడమనూ రెంటినీ స్కీకి బిగించేస్తుంది. దిగడానికి అది భేషుగ్గా ఉంటుంది. ఎక్కాలంటే మాత్రం అడుగడుక్కీ మడమ లేవాలి. అడాప్టర్ చేసే పని ఇదే. అది బూటు పొడవుండే చట్రం. దాని కింది భాగం అచ్చం బూటులాగే మీ పాత బైండింగులో టక్కున దిగుతుంది. పై భాగంలోకి మీ బూటు దిగుతుంది. ముందువైపు ఇరుసు మీద పై భాగం లేచి పడుతుంటుంది. స్కీ అడుగున జారకుండా పట్టుకునే స్కిన్స్ అతికించుకుంటే నడక సిద్ధం. శిఖరం చేరాక అడాప్టర్లు ఊడదీసి సంచిలో వేసుకుని, బూటును నేరుగా బైండింగులోకి తొక్కి దిగిపోవచ్చు.

ఇది నిన్న మొన్నటి ఆలోచన కాదు. బౌల్డర్‌లో 1994లో మొదలైన బ్యాక్‌కంట్రీ యాక్సెస్ అనే సంస్థ తొలి సరుకుల్లోనే ఆల్పైన్ ట్రెక్కర్ అనే అడాప్టర్ ఉంది. ఒక తరం కుర్రకారు దాని మీదే కొండలెక్కింది. రోజంతా పాడుచేస్తుందని ముద్దుగా తిట్టుకుంది కూడా. తర్వాత డేమేకర్ అనేది వచ్చింది. అందులో ఒక్క ఇరుసుకు బదులు నాలుగు కడ్డీల కీలు ఉంటుంది కాబట్టి అడుగు కాస్త సహజంగా పడుతుంది. మీరు మాత్రం ఈ మెరుగుల జోలికి పోకండి. ఎవరి గ్యారేజీలోనో పదేళ్లుగా పడి ఉన్న పాత జత వెతికి పట్టుకోండి. ప్లాస్టిక్ ఎండలో ఎండి, చలిలో బిగిసి పెళుసెక్కి ఉంటుందని కొందరు భయపెడతారు. విరిగితే అది కొండ మీదే విరుగుతుంది, ఇంట్లో విరగదు కదా!

2. బరువు మాట ఎత్తకండి

ఆల్పైన్ బైండింగు ఒక్కోటి సుమారు కిలో తూగుతుంది. దాని మీద అడాప్టర్ బరువు అదనం, జత కిలోకి పైమాటే. పాదాల మీద మోసే బరువు, అదే బరువు వీపున మోసినదానికన్నా కొన్ని రెట్లు ఎక్కువ శక్తిని తినేస్తుందని సైనికుల బూట్ల మీద జరిగిన పరిశోధనలు తేల్చాయి. నాలుగు నుంచి ఆరు రెట్లని లెక్కలున్నాయి.

ఇలాంటి లెక్కలకు భయపడ్డవాళ్ల వల్లే లోకం పాడైంది. ఇన్స్‌బ్రుక్‌కు చెందిన ఫ్రిట్జ్ బార్తెల్ బరువైన సామానుతో మాంట్ బ్లాంక్ ఎక్కి విసిగిపోయి, బూటు ముక్కుకు రెండు వైపులా రెండు సూదులు గుచ్చి పట్టుకునే చిన్న బైండింగు కనిపెట్టాడు. 1984లో పేటెంటు దాఖలు చేశాడు. డైనాఫిట్ అనే సంస్థ దాన్ని 1990 ప్రాంతంలో మార్కెట్లోకి తెచ్చింది. ఇవాళ ఆ కోవలో 300 గ్రాములకన్నా తేలికైనవి ఎన్నో దొరుకుతాయి. ఆయన తోటివాళ్లలాగే పళ్లబిగువున ఓర్చుకుని ఉంటే మనకీ బాధే ఉండేది కాదు. మీరు ఓర్చుకోండి. రోజుకు వెయ్యి మీటర్లు ఎక్కుదామని బయల్దేరి మూడొందల దగ్గర ఆగిపోతే, అక్కడినుంచి చూసినా కొండ అందంగానే ఉంటుంది.

3. బూట్లు అస్సలు మార్చకండి

సూదుల బైండింగుకు బూటు ముక్కులో లోహపు గుంటలుండాలి. మీ ఆల్పైన్ బూటుకు అవి లేవు కాబట్టే అడాప్టర్ దాకా వచ్చాం. ఇంతవరకు తర్కం సరిగ్గానే ఉంది. ఇక్కడే ఆగిపోవడం మన సిద్ధాంతం.

టూరింగ్ బూటుకు మడమ పైన ఒక మీట ఉంటుంది. అది తిప్పితే పిక్క వెనక్కీ ముందుకీ ఆడుతుంది. ఆల్పైన్ బూటు పిక్కను ముందుకు వంచి సిమెంటు పోసినట్టు నిలబెడుతుంది. బకిల్స్ వదులు చేస్తే సరిపోతుందనుకోండి. లోపల మడమ పైకీ కిందికీ రాసుకుని గంటలోపే బొబ్బ లేస్తుంది. అది మీ చెమటకు దక్కిన పతకం.

ఇక బూటు అడుగుభాగం సంగతి. ఆల్పైన్ బూటు అడుగు ఐఎస్ఓ 5355 ప్రమాణం ప్రకారం చదునైన గట్టి ప్లాస్టిక్. టూరింగ్ బూటు అడుగు ఐఎస్ఓ 9523 ప్రకారం వంపు తిరిగి, రబ్బరు గాడులతో ఉంటుంది. గాలికి మంచు ఎగిరిపోయి రాళ్లు తేలిన శిఖరం అంచున నాలుగడుగులు నడవాల్సి వచ్చినప్పుడు రెంటికీ తేడా తెలుస్తుంది. అప్పుడు పక్కనున్నవాడి భుజం పట్టుకోండి.

4. ఇంట్లో బిగించి చూడకండి

బూటు మడమ పక్కన అడుగు పొడవు మిల్లీమీటర్లలో చెక్కి ఉంటుంది. అడాప్టర్‌ను ఆ కొలతకు సవరించాలి. తర్వాత అది మీ బైండింగులో గట్టిగా కూర్చుందో లేదో చూడాలి. ముందురోజు రాత్రి హాల్లో తివాచీ మీద పది నిమిషాల పని. అందులో సాహసం ఏముంది?

నేరుగా బెర్తోడ్ కనుమకు వెళ్లండి. యూఎస్ 40 రహదారి మీద 11,307 అడుగుల ఎత్తున పార్కింగ్ ఉంది. ఒకప్పుడు అక్కడ స్కీ రిసార్టే ఉండేది. 2001లో మూతపడింది, తర్వాత లిఫ్టులు కూడా పీకేశారు. ఆ ఎత్తులో, ఆ గాలిలో చేతి తొడుగులు తీసి, స్క్రూడ్రైవర్ ఎవరి దగ్గరుందని కారు కారుకీ తిరగండి. కొత్త స్నేహాలు కుదురుతాయి. ఆ స్నేహాల్లో ఒకటి ఇంకో రహస్యం కూడా చెబుతుంది. అక్కడ చాలామంది ముందే కిందికి దిగిపోయి, రోడ్డు మలుపు దగ్గర బొటనవేలు చూపించి, వచ్చేపోయే కారెక్కి మళ్లీ పైకొస్తారు. వాళ్లకు అడాప్టరూ అక్కర్లేదు, టికెట్టూ అక్కర్లేదు. ఈ సంగతి విన్నాక మీ అడాప్టర్ల వైపు ఎక్కువసేపు చూడకండి.

5. ఎత్తుపీటల మీద ఠీవిగా నడవండి

అడాప్టర్ మీ పాదాన్ని బైండింగు పైన ఇంకొన్ని సెంటీమీటర్లు లేపుతుంది. ఎదురుగా ఎక్కేటప్పుడు పెద్దగా తెలియదు. వాలుకు అడ్డంగా నడిచేటప్పుడు స్కీ అంచును మంచులోకి నొక్కాలి. పాదం ఎంత ఎత్తున ఉంటే చీలమండ అంత మెలితిరుగుతుంది, చట్రం పక్కకు వంగుతుంది, స్కీ జారుతుంది. అలవాటైనవాళ్లు ఇలాంటి చోట మడమ కింది ఎత్తుకడ్డీని దించి, అడుగు చిన్నది చేసి, వాలు తగ్గించుకుని చుట్టుతిరుగుడు దారి ఎంచుకుంటారు. మీరు ఎత్తుకడ్డీ పూర్తిగా లేపి, నేరుగా నిట్టనిలువు దారి పట్టండి. స్కిన్స్ పట్టు తప్పి వెనక్కి జారినప్పుడల్లా వెనకున్నవాడు మీకు దారివ్వడం నేర్చుకుంటాడు.

6. పట్టీలు కట్టుకోకండి, మార్పిడికి తొందరపడకండి

అడాప్టర్ బైండింగులో ఉన్నంతసేపూ స్కీ బ్రేకు నొక్కుకునే ఉంటుంది. అంటే మీ బూటు అడాప్టర్ నుంచి ఊడితే స్కీ బ్రేకు పడదు. బ్రేకు లేని స్కీ కొండ కిందికి ఎంత ఉత్సాహంగా వెళ్తుందో చూడాలంటే బూటుకు కట్టుకునే పట్టీ మానేయండి. ఒక స్కీ ముందే దిగిపోతే రెండోదాన్ని మోసుకెళ్లడం తేలిక.

పైకి చేరాక మార్పిడి మొదలవుతుంది. స్కీలు విప్పాలి, స్కిన్స్ ఊడదీసి మడవాలి, అడాప్టర్లు తీయాలి, వాటి సందుల్లో గడ్డకట్టిన మంచు గీకాలి, బూటు అడుగుకు అంటిన మంచును కూడా గీకాలి. ఈ చివరి పని మాత్రం వదిలేయండి. బూటు అడుగుకూ బైండింగుకూ మధ్య మంచు ఉంటే బైండింగు మూసుకున్నట్టే వినిపిస్తుంది. మూసుకోలేదన్న సంగతి మొదటి మలుపులో తెలుస్తుంది. ఇక ఆ తడి అడాప్టర్లు మంచునీళ్లు కారుస్తూ మీ సంచిలో, అన్నం డబ్బా పక్కనే సేదదీరుతాయి.

7. మధ్యలో చిన్న పల్లం వస్తే అడాప్టర్ల మీదే దిగండి

ఎక్కే దారిలో చిన్న చిన్న పల్లాలు వస్తాయి. ఈ మాత్రానికి మార్పిడి ఎందుకని మడమ విడిచే ఉంచి జారండి. ఆల్పైన్ బైండింగు ఐఎస్ఓ 9462 ప్రమాణం ప్రకారం పరీక్షించినది. మీ బరువు, ఎత్తు, వయసు, నేర్పు, బూటు అడుగు పొడవు చూసి బిగించిన అంకెను బట్టి, కాలు విరిగేలోపే బూటును వదిలేస్తుంది. ఆ లెక్కంతా బూటు నేరుగా బైండింగులో ఉన్నప్పుడు. మధ్యలో ఒక చట్రం వచ్చి చేరాక ఏది ఎప్పుడు వదులుతుందో ఆ అంకె చెప్పదు. స్కీ అనే ఆ పొడవాటి మీట మోకాలిని తిప్పేటప్పుడు మాత్రం ఎవరి అనుమతీ అడగదు.

అలాగని 2007లో వచ్చిన మార్కర్ డ్యూక్ లాంటి బైండింగుల వైపు చూడకండి. అవి ఎక్కేటప్పుడు మడమ విడుస్తాయి, దిగేటప్పుడు ఆల్పైన్‌లాగే పట్టుకుంటాయి, మీ పాత బూట్లనే ఒప్పుకుంటాయి. 2018లో వచ్చిన సాలమన్ షిఫ్ట్ అయితే ఎక్కేందుకు సూదులు, దిగేందుకు ఆల్పైన్ పట్టు రెండూ ఒకే ముక్కులో దాచుకుంది. ఇలాంటివి మనసు చలింపజేస్తాయి. దుకాణంలో వాటి వరస దాటేటప్పుడు నేల చూపులు చూడండి.

8. మంచు చరియల గురించి చదవకండి

అమెరికాలో మంచు చరియల కింద పడి పోయేవాళ్లు ఎక్కువగా కొలరాడోలోనే పోతున్నారు. అక్కడి మంచు పలుచగా కురిసి, చలికి అడుగుపొర చక్కెర పలుకుల్లా విడివడుతుంది. దాని మీద కొత్త మంచు, గాలి తోసుకొచ్చిన మంచు బరువుగా కూర్చుంటాయి. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద మనిషి బరువు పడితే చాలు, పలక మొత్తం విరిగి జారుతుంది. బెర్తోడ్ రహదారిని స్టాన్లీ అనే చరియదారి కొండ పైనుంచి దాటుకుంటూ పోతుంది. సరిగ్గా అంత నిటారు వాలులే దిగడానికి బాగుంటాయి. అదే చిక్కు.

దీనికి విరుగుడుగా మూడు వస్తువులు చెబుతారు: 457 కిలోహెర్ట్జ్ సంకేతం పంపే ట్రాన్సీవర్, మంచులో గుచ్చి వెతికే పొడవాటి కడ్డీ, పార. పూడిపోయినవాడిని 10, 15 నిమిషాల్లో తీస్తే బతికే అవకాశం బాగానే ఉంటుంది, తర్వాత అది వేగంగా పడిపోతుంది. అంబులెన్సు అంతలోపల రాదు. తీయాల్సింది పక్కనున్న స్నేహితుడే, అతనికి వాడటం వచ్చి ఉండాలి. అందుకే రెండు మూడు రోజుల శిక్షణ తరగతులు పెడతారు. ఈ మొత్తం ఖర్చు మీ అడాప్టర్లకన్నా ఎక్కువ. అడాప్టర్ కొని ఆదా చేసిందంతా ఇక్కడ పోసేస్తే మన సిద్ధాంతం ఏం కావాలి? కాబట్టి ట్రాన్సీవర్ మానేయండి. ఎవడో ముందెళ్లినవాడి జాడ కనిపిస్తే ఆ వాలు క్షేమమని నమ్మండి. అతను వేరే రోజున, వేరే మంచు మీద వెళ్లి ఉంటాడన్న ఆలోచన రానివ్వకండి.

ఇక్కడిదాకా ఓపిగ్గా చదివినవాళ్లకు అడాప్టర్ పక్షాన ఒక్క మంచిమాట. దగ్గర్లో, తక్కువ వాలులో, ఒకటి రెండు రోజులు ఎక్కి ఈ పని మనకు పడుతుందో లేదో తేల్చుకోవడానికి అది నిజంగా పనికొస్తుంది. అరువు తెచ్చుకుంటే ఇంకా మంచిది. పడితే తర్వాత కొనాల్సినవి వరసగా శిక్షణ, ట్రాన్సీవర్, బూట్లు. బైండింగు వంతు ఆఖరున వస్తుంది. జనం దీన్ని తిరగేసి బైండింగుతో మొదలుపెడతారు కాబట్టే ఇలాంటి చిట్కాలకు గిరాకీ.

ఇక ఆఖరి ముక్క. కొలరాడో అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సెంటర్ శీతాకాలమంతా ప్రతిరోజూ ప్రాంతాలవారీగా ప్రమాదాన్ని అయిదు మెట్లలో ప్రకటిస్తుంది. దాన్ని చూడటానికి పైసా అక్కర్లేదు. ఈ క్రీడ మొత్తంలో ఉచితంగా దొరికేది అదొక్కటే. పొదుపరులం కదా, కనీసం దాన్నైనా వదులుకోకండి.