మోతలో కలిసిపోతుందిలే

నా వేళ్లకు పనితనం తక్కువ. ఆ సంగతి కప్పిపుచ్చుకోవడానికే ఎలక్ట్రానిక్స్‌తో కలిపి వాయించే పియానో సంగీతంలోకి దిగాను. పైకి మాత్రం కొత్త ధ్వనుల కోసం అన్వేషణ అని చెప్పుకునేవాణ్ణి. షోపాన్ వాయిస్తూ ఒక్క స్వరం జారితే వెనక వరసలో కునికేవాళ్లు కూడా తలెత్తుతారు. అదే స్పీకర్లు హోరెత్తుతుంటే ఎవరు పట్టుకుంటారు? ఊరేగింపులో బ్యాండు మోత వెనక నడిచే సన్నాయివాడి ధీమా నాది.

మొదట ఫిలిప్ మానూరీ 1988 నాటి ‘ప్లూటాన్’ తెరిచాను. అందులో కంప్యూటర్ పియానిస్టును వింటూ, స్వరలిపిలో ఎక్కడున్నాడో పోల్చుకుంటూ వెంట వస్తుంది. పారిస్‌లోని ఇర్కామ్ అనే సంగీత పరిశోధన కేంద్రంలో మిల్లర్ పకెట్ ఆ రచన కోసం పెంచిన ప్రోగ్రామే తర్వాత మ్యాక్స్‌గా పేరుపడింది. నేను తప్పు వాయిస్తే అదీ తడబడుతుంది, నా గుట్టు రట్టవుతుంది. మూసేశాను.

స్టాక్‌హౌజెన్ ‘మంత్ర’ అయితే క్షేమమనిపించింది. 1970 అక్టోబరులో జర్మనీలోని డోనౌఎషింగెన్‌లో కొంటార్‌స్కీ సోదరులు తొలిసారి వాయించిన రచన అది. రెండు పియానోలు, గంటకు పైగా నడక. పియానో శబ్దం మైకులోంచి రింగ్ మాడ్యులేటర్‌కు వెళ్లి, అక్కడ ఓ సైన్ తరంగంతో కలుస్తుంది. స్పీకర్లలోంచి ఆ రెంటి పౌనఃపున్యాల మొత్తం, తేడా బయటికొస్తాయి. ఇంకేం, అంతా గజిబిజే కదా అనుకున్నాను.

లెక్క వేసి చూసుకోవాల్సింది. సైన్ తరంగం 220 హెర్ట్జ్ దగ్గరుంటే, అదే 220 మెట్టు నొక్కినప్పుడు తేడా సున్నా, మొత్తం 440. సరిగ్గా పై స్థాయి, శుభ్రంగా పలుకుతుంది. వేలు పక్క మెట్టు మీద పడిందా, అది 233. మొత్తం 453, తేడా 13. ఒక తప్పుకు ఇద్దరు సాక్షులు, అదీ హాలంతా వినబడేలా! రిహార్సల్లోనైనా బుద్ధి రావాలి. రాలేదు. మాడ్యులేటర్ పెట్టెలో ఏదో లోపముందని దబాయించి, సౌండ్ చూసే కుర్రాడిచేత కేబుళ్లన్నీ మార్పించాను.

అసలు ఘనకార్యం కచేరీలో జరిగింది. ఆ రచనకు మూలం 13 స్వరాల వరస. భాగం మారినప్పుడల్లా సైన్ తరంగాన్ని అందులో తర్వాతి స్వరానికి పియానిస్టే డయల్‌తో తిప్పుకోవాలి. దీనికి తోడు చెక్కదిమ్మ కొట్టాలి, చిన్న కంచు తాళాలు మోగించాలి. ఆ హడావుడిలో ఒక భాగానికి డయల్ తిప్పడం మరిచాను. సగం దాటాక తెలిసింది. అప్పుడైనా తిప్పొచ్చు. తిప్పితే మరిచానని అందరికీ తెలిసిపోతుందని, అలాగే లాగించేశాను. రెండో పియానో వాయిస్తున్నావిడ నా వైపు చూసిన చూపులన్నీ చూడనట్టే ఊరుకున్నాను.

కచేరీ అయ్యాక ఓ పెద్దాయన వచ్చి, ఆ భాగం మాత్రం ఎప్పుడూ విననంత కొత్తగా ఉందన్నాడు. నమస్కారం పెట్టి ఊరుకుంటే సగం పరువైనా దక్కేది. ఆధారస్వరాన్ని కదలనివ్వకుండా శ్రోతలో అశాంతి రేపాలన్నది నా ఉద్దేశమని అందుకుని, పావుగంట దంచాను. ఆయన ఓపిగ్గా విని, సంచిలోంచి స్వరలిపి తీశాడు. ఆ పేజీ తిప్పి, రేపటి కచేరీలో కూడా డయల్ అక్కడే ఉంచుతారా అనడిగాడు.

“సందర్భాన్ని బట్టి ఉంటుందండీ,” అన్నాను.

“రేపు నేను గుర్తుచేస్తాను లెండి,” అంది పక్కనుంచి ఆవిడ.