ఎలాగూ ఇంజన్ దించుతున్నాం కదా!

మొన్నటిదాకా స్టేజ్ అనే మాట నాటకాలవాళ్ల దగ్గర వినేవాళ్లం, కాస్త భయంభయంగా క్యాన్సర్ డాక్టర్ల దగ్గర వినేవాళ్లం. ఇప్పుడు కారున్న ప్రతి కుర్రాడికీ, ఇంజన్ బలం ఎంత పెంచాడన్న లెక్కలో, ఒక స్టేజ్ ఉంది. స్టేజ్ వన్ అంటే నామోషీ. స్టేజ్ టూ అయితే పెళ్లిచూపుల్లో కూడా చెప్పుకోవచ్చు. పెద్ద టర్బో వేయించాడంటే సెల్లార్‌లో వాచ్‌మన్ లేచి నిలబడాల్సిందే.

మా మేనల్లుడి బండిలో ఉన్నది 1.3 మల్టీజెట్. ఫియట్ వాళ్లు చేసిందీ, మారుతి, టాటా వాళ్లు కూడా తమ బండ్లలో పెట్టుకున్నదీ, 1248 సీసీల బుద్ధిమంతురాలు. ఆ ఇంజన్నే మామూలు టర్బోతో 75 గుర్రాలకూ, రెక్కలు కదిలే టర్బోతో 90 గుర్రాలకూ అమ్మారు. ఆ మిగతా పదిహేను గుర్రాలే మావాడికి నిద్ర లేకుండా చేస్తున్నాయి. బండి లక్షా డెబ్బై వేలు తిరిగింది. పొద్దున స్టార్ట్ చేస్తే సెల్లార్ నీలంగా మారుతుంది. ఆయిల్ మూత తీస్తే కుక్కర్‌లా ఊపిరి కొడుతుంది. డిప్‌స్టిక్ తుడిచి చూసే అలవాటు వాడికి లేదు కాబట్టి ఎంత ఆయిలు తాగుతోందో దేవుడికే తెలియాలి.

"పిస్టన్లు పోయినట్టున్నాయి మావయ్యా," అన్నాడు, ఏ దిగులూ లేకుండా. "ఎలాగూ ఇంజన్ దించుతున్నాం కదా, పెద్ద టర్బో వేసేద్దామనుకుంటున్నా."

ఎలాగూ! మన జాతి మొత్తాన్ని అప్పులపాలు చేసిన మాట ఇది. ఎలాగూ మేస్త్రీ వచ్చాడని బాగున్న వంటింటి గోడ పగలగొట్టించుకున్నవాళ్లం. ఎలాగూ పందిరి వేశామని అన్న పెళ్లిలోనే తమ్ముడి ఒడుగు కానిచ్చినవాళ్లం. స్లాబు కారుతోంటే, ఎలాగూ పరంజా కట్టాం కదా అని ఆ కారే స్లాబు మీదే ఇంకో గది లేపిన మహానుభావుణ్ని మా వీధిలోనే చూపిస్తాను.

కారు దగ్గర ఈ ఎలాగూ తీరే వేరు. ఎలాగూ టర్బో పెద్దది గనుక ఇంటర్‌కూలరూ పెద్దదే కావాలి. గాలి పెరిగింది గనుక ఇంజెక్టర్లు మార్చాలి. అంత టార్క్‌కి పాత క్లచ్ జారుతుంది గనుక అదీ మార్చాలి. ఎలాగూ గేర్‌బాక్స్ దించాం గనుక... అలా సాగి సాగి, బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి డబ్బులైపోతాయి. ఇన్ని ఎలాగూల్లో ఒక్కటీ బ్రేకుల దాకా చేరగా నేను చూడలేదు.

ఎలాగూ దించుతున్నావు గనుక, అసలు పిస్టన్ ఎందుకు పోయిందో చూడరా అన్నాను. నన్ను పాతసామానులా చూశాడు.

పిస్టన్ ఊరికే పోదు. ఇంజెక్టర్ సరిగా మూసుకోక డీజిల్ కారుతుంటే పిస్టన్ నెత్తి కరిగి చిల్లిపడుతుంది. అడుగునుంచి ఆయిలు చిమ్మి చల్లబరిచే జెట్ పూడుకుపోతే పిస్టన్ వేడికి పట్టేస్తుంది. ఫిల్టర్ చిరిగి దుమ్ము పోతే బోరు అరుగుతుంది. కారణం వదిలేసి కొత్త పిస్టన్ వేస్తే అదీ పాతదాని దారే పడుతుంది, టర్బో తోడుంది గనుక ఇంకాస్త తొందరగా. ఇంకో తమాషా కూడా ఉంది. రింగులు అరిగి కింద ఛాంబర్‌లో ఒత్తిడి పెరిగితే టర్బో నుంచి ఆయిలు కిందికి దిగలేక సీలు దాటి బయటికొస్తుంది. ఆ పొగ చూసి టర్బో పోయిందంటారు, కొత్తది బిగిస్తారు. పొగ మాత్రం ఎక్కడికీ పోదు.

ఇక్కడితో నాకు నవ్వు అయిపోయింది. గ్లో ప్లగ్ తీసి, ఆ కన్నంలో గేజ్ బిగించి కంప్రెషన్ చూడటానికి ఒక పూట చాలు. సిలిండర్‌లోకి గాలి ఎక్కించి చెవి పెట్టండి. ఆయిల్ మూత దగ్గర బుసకొడితే రింగులు. సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వ్. రేడియేటర్‌లో బుడగలొస్తే హెడ్ గ్యాస్కెట్. పాత మెకానిక్‌లకు ఇది కంఠతా వచ్చు. కానీ చెవి పెట్టి విన్నందుకు రెండొందలు ఇవ్వడానికి మనకు చేతులు రావు. ఆన్‌లైన్‌లో అట్టపెట్టెకు మాత్రం కిస్తీలు కడతాం.

రింగు కొనల మధ్య సందు ఎంత ఉంచాలో అడిగినవాడు ఒక్కడున్నాడా? పెట్రోల్ ఇంజన్‌లో అంగుళం బోరుకు అంగుళంలో వెయ్యోవంతులు నాలుగు ఉంచేచోట, టర్బో పెడితే ఐదో ఆరో ఉంచుతారు. వేడికి రింగు సాగుతుంది, సందు చాలకపోతే కొనలు ఢీకొని రింగు కూర్చునే గట్టు విరుగుతుంది. గుర్రాలు లెక్కపెట్టేవాడికి ఈ వెయ్యోవంతులు ఆనవు.

సిగ్నల్ దగ్గర ఆ పొగ వెనక స్కూటర్ మీద చంటిపిల్లతో ఉన్న తల్లి ఏం పాపం చేసింది? రింగులు బాగా పోయిన డీజిల్ ఇంజన్ తన ఆయిలునే పీల్చి మండించుకోవడం మొదలెడితే తాళం తీసినా ఆగదు. రేసు దానంతటదే పెరుగుతుంది. దీనికి ఇంకా గాలి కావాలా నాయనా? చట్టం సంగతంటారా, 2019 సవరణతో ఇలాంటి ఒక్కో మార్పుకూ 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా రాసిపెట్టారు. వీళ్ల లెక్కలో అది కూడా ఒక స్టేజేనేమో.

బుస్‌మనే చప్పుడు కోసం డీజిల్ బండికి బ్లో ఆఫ్ వాల్వ్ పెట్టించుకునేవాళ్ల గురించి నేనేమీ అనను.

మావాడి బండి నెలన్నరగా ఆటోనగర్‌లో హెడ్డు దించి ఉంది. కంప్రెషన్ చూడకుండానే దించారు. పిస్టన్లకు డబ్బులు సర్దుబాటు కాలేదు. టర్బో మాత్రం ముందే వచ్చేసింది. మా అక్కయ్య ఇంట్లో, టీవీ పక్కన, అట్టపెట్టెలో ఉంది.