పానా చదువు: జమాఖర్చుల మీమాంస

ఒక విద్యార్థి ఏడాదికి ఎంత అన్నం తింటాడన్న జటిల ప్రశ్నకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో వసతి దీవెన పథకం ద్వారా అధికారికంగా సమాధానం చెప్పింది: ఐటీఐ కుర్రవాడైతే 10,000 రూపాయల అన్నం, పాలిటెక్నిక్ అయితే 15,000, డిగ్రీ, ఆ పై చదువులైతే 20,000. గేరుబాక్సు ఎత్తేవాడి ఆకలి పుస్తకం ఎత్తేవాడి ఆకలిలో సరిగ్గా సగమని ఆ విధంగా తేలడంతో, వాహన మరమ్మతు శిక్షణకు అయ్యే ఖర్చెంత, దానిపై వచ్చే రాబడెంత అని తూచదలచిన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల పెద్దలకు మొదటి అంకె ఉచితంగానే దొరికింది.

కేంద్రం 1950లో ఆరంభించిన వృత్తి శిక్షణ పథకం కింద నడిచే ఐటీఐలలో, పదో తరగతి గట్టెక్కినవారికి మోటారు వాహనాల మెకానిక్ కోర్సు రెండేళ్లు, డీజిల్ మెకానిక్ కోర్సు ఒక ఏడాది ఉంటుంది. ప్రభుత్వ ఐటీఐలో ఫీజు నామమాత్రం కనుక శిక్షణ దాదాపు ఉచితమని చెప్పుకోవడం ఆనవాయితీ. అర్థశాస్త్రంలో ‘అవకాశ వ్యయం’ అనే మాట ఒకటుంది. ఒక పనికి కూర్చున్నందువల్ల చేయలేకపోయిన మరో పని మీద పోగొట్టుకున్న సంపాదన అని దాని అర్థం. ఈ లెక్కన రెండేళ్ల కూలి డబ్బులు ఖర్చు పద్దులో చేరాలి గాని, ప్రభుత్వ పద్దులో దానికి గడి లేదు. ఆ రెండేళ్లూ విద్యార్థికి గురుస్థానంలో ఉండేది నిలువునా కోసి లోపలి భాగాలు కనబడేలా బిగించిన ప్రదర్శన ఇంజన్. అది ఎన్నడూ స్టార్టు కాదు కాబట్టి ఎన్నడూ చెడిపోదు, దాని కోసం బయట ఎవరూ విసుక్కుంటూ ఎదురుచూడరు. కోర్సు ముగిశాక, కంపెనీలో పని చేస్తూ నేర్చుకునే అప్రెంటిస్ దశ వస్తుంది. 2019లో సవరించిన నియమాలు ఐటీఐ ధ్రువపత్రం ఉన్నవారికి నెలకు కనీసం 7,000 రూపాయల భృతి నిర్ణయించాయి. ఊరు విడిచి వెళ్లిన కుర్రవాడు గది అద్దె, మెస్సు బిల్లు కట్టాక మిగిలినదాన్ని పొదుపు అనవచ్చు, మిగిలితే.

రెండో విద్యాసంస్థ మెకానిక్ షెడ్డు. ఇక్కడ దరఖాస్తు, ప్రవేశపరీక్ష, ఫీజు ఏవీ లేవు. ‘పన్నెండు–పదమూడు పానా’ అడిగితే పద్నాలుగు–పదిహేను తెచ్చినందుకు పడే తిట్లే పాఠ్యప్రణాళిక. శిక్షణ ఖర్చును మేస్త్రీ గాని, శిష్యుడు గాని భరించకపోవడం ఈ విధానంలోని ఆర్థిక అద్భుతం. కొత్త చేయి ఇంజనాయిలు మార్చి, కింది బోల్టును బలం కొద్దీ బిగించినప్పుడు అల్యూమినియం గదిలోని మర కోసుకుపోతుంది. ఆ పూటకు అంతా సవ్యంగానే ఉంటుంది గాని, నాలుగు రోజులకు బండి కింద నూనె మడుగు కడుతుంది. యజమాని తిరిగి వస్తే, ‘పాత బండి కదండీ, అరిగిపోయింది’ అన్న శాస్త్రోక్త నిర్ధారణ చేసి, లేతు దగ్గర కొత్త మర కొట్టించి, ఆ ఖర్చూ బిల్లులోనే కలుపుతారు. అంటే షెడ్డు విద్యార్థికి ట్యూషన్ ఫీజు కట్టేది వాహన యజమాని; ఏ ప్రభుత్వ స్కాలర్‌షిప్పూ ఇంత క్రమం తప్పకుండా విడుదల కాలేదు.

ఇలా చెవితో, వేలికొసలతో సంపాదించిన విద్యకు 2020 ఏప్రిల్ 1న గట్టి దెబ్బ తగిలింది. ఆనాటి నుంచి బీఎస్–6 కాలుష్య ప్రమాణాలు తప్పనిసరి కావడంతో కొత్త మోటారు సైకిళ్లలో పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటరు దాదాపు కనుమరుగై, ఆ పని సెన్సార్ల కబురు విని నిర్ణయం తీసుకునే ఎలక్ట్రానిక్ పెట్టెకు బదిలీ అయింది. స్క్రూ పావు తిప్పు తిప్పి, చప్పుడు విని ‘సెట్టయింది’ అనే మేస్త్రీ ఇప్పుడు ఆ పెట్టె మనసులోని మాటను అంకెల్లో చూపే స్కానరు కొనాలి. యంత్రం విలువ ఏటేటా తగ్గడాన్ని తరుగుదల అంటారు, పన్నులో దానికి మినహాయింపూ ఉంది. మనిషి నేర్చిన విద్య తరిగితే మినహాయింపు ఇచ్చే చట్టం ఇంకా పుట్టలేదు.

పని లేదనడానికి మాత్రం వీల్లేదు. డెల్టా మాగాణిలో ట్రాక్టర్లు, వరికోత యంత్రాలు, రేపల్లె దిగువన రొయ్యల చెరువుల దగ్గర డీజిల్ ఇంజన్లు, నిజాంపట్నం రేవులో పడవలు, సూర్యలంక ఉప్పుగాలికి తుప్పెక్కే సైలెన్సర్లు, అన్నీ మెకానిక్ కోసమే చెడిపోతున్నాయి. అయినా 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం రోజుకు 500 రూపాయల శిక్షణ భృతి, 15,000 రూపాయల పనిముట్లు ఇస్తామన్న 18 వృత్తులలో పడవ చేసేవాడు, వల అల్లేవాడు ఉన్నారు గాని, ఆ పడవ ఇంజను నడిసముద్రంలో ఆగిపోతే బాగుచేయగలవాడు లేడు. విశ్వకర్మ వంశవృక్షంలో పిస్టన్‌కు చోటు లేదని కాబోలు.

ఇక రాబడి. స్పేరు పార్టు డబ్బా మీద అచ్చయిన ధరకు కిమ్మనకుండా తలవంచే యజమాని, అచ్చు లేని లేబరు ఛార్జీ దగ్గరకు వచ్చేసరికి ఆర్థికవేత్త అవుతాడు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిన కృష్ణ వరద రేపల్లె వైపు లంకలను ముంచింది. అటువంటి నీట మునిగిన బండిని తొందరపడి స్టార్టు చేస్తే సిలిండరులో చేరిన నీరు నలగక కనెక్టింగు రాడ్డే వంగుతుంది. కనుక ప్లగ్గు విప్పి, నీరు వెళ్లగొట్టి, నూనె రెండుమూడు సార్లు మార్చి ఇంజన్ను కాపాడిన మేస్త్రీతో ‘నీళ్లు తీసినందుకే ఇంతా?’ అని బేరమాడి, అడిగినదాంట్లో సగం చేతిలో పెట్టి బండెక్కిన పెద్దమనిషే, ఆ సాయంత్రం ఇంట్లో మేనల్లుడు మెకానిక్ కోర్సులో చేరతానంటే, అందులో రాబడి ఏముందిరా అని అంకెలతో సహా నిరూపిస్తాడు.