పాత పుస్తకానికి కొత్త ముద్రణ వేసే పద్ధతి

అచ్చయిన పుస్తకాన్ని ఉన్నదున్నట్టు మళ్ళీ వేస్తే పునర్ముద్రణ. ఒకటో రెండో అచ్చుతప్పులు దిద్దినా అది పునర్ముద్రణే, పాత ఐఎస్‌బీఎన్ నంబరే చెల్లుతుంది. విషయం చెప్పుకోదగినంత మారితే సవరించిన ముద్రణ. అధ్యాయాలు కూడా చేరితే సవరించి విస్తరించిన ముద్రణ. ఈ రెంటికీ కొత్త నంబరు తీసుకోవాలి. అట్టో ధరో మారినంత మాత్రాన నంబరు మారదు. పోటీ పరీక్షల పుస్తకాలు వేసేవారు ఈ చివరి నియమాన్ని ఎంత త్వరగా మరిచిపోతే అంత మంచిది.

నోటిఫికేషన్ పడగానే అట్ట రంగు మార్చాలి. ఏడాది అంకె రోడ్డు అవతలి నుంచి కూడా కనబడాలి. ‘తాజా సిలబస్ ప్రకారం’ అన్నది ఎర్రక్షరాల్లో ఉండాలి. ధర సంగతి చెప్పనక్కర్లేదు. లోపలి పేజీల జోలికి మాత్రం పోకూడదు, పోతే పని తెమలదు. తెలంగాణ జిల్లాలు 2016 అక్టోబరులో 10 నుంచి 31కి, 2019 ఫిబ్రవరిలో 33కి పెరిగాయి. మొదటి అధ్యాయంలో 33 అని దిద్దితే చాలు. సాగునీటి అధ్యాయంలో పది జిల్లాల పట్టిక అలాగే ఉన్నా ఫరవాలేదు. అభ్యర్థి అంతదాకా చదివేసరికి పరీక్ష ఎలాగూ వాయిదా పడుతుంది.

లా పుస్తకాలతోనే చిక్కు. 2024 జూలై 1న ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. 511 సెక్షన్లు 358 అయ్యాయి. హత్యకు శిక్ష 302 నుంచి 103కి వెళ్ళింది. కొత్త 302 మతపరమైన మనోభావాలను గాయపరిచే మాటల గురించి. ఇక్కడ అట్ట ఒక్కటే గట్టెక్కించదు. పాత ప్రతుల చివర సెక్షన్ల పోలిక పట్టిక అతికించి ‘విస్తరించిన ముద్రణ’ అనడం మధ్యేమార్గం.

బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ఆదర్శంగా పెట్టుకోకూడదు. 1852 నాటి ఆ పుస్తకాన్ని వెంకటరత్నం, క్యాంబెల్, కందుకూరి వీరేశలింగం సవరించగా రెండో ముద్రణ 1903లో వచ్చింది. నోటిఫికేషన్ అన్నాళ్ళు ఆగదు. అది ఆగినా అభ్యర్థి వయసు ఆగదు.

చట్టం కూడా అనుకూలమే. 1954 చట్టం ప్రకారం కొత్త పుస్తకాన్ని కలకత్తా జాతీయ గ్రంథాలయానికి పంపాలి. మలి ముద్రణలో చేర్పులూ మార్పులూ లేకపోతే, ముందటి ప్రతి ఇచ్చి ఉంటే, మళ్ళీ పంపనక్కర్లేదు. కాబట్టి అదే పుస్తకం కొనేవాడికి కొత్తది, కలకత్తాకు పాతది.

అసలు ప్రమాదం అఫ్జల్‌గంజ్‌లో ఉంది. 1891లో ఆసఫియా పేరుతో మొదలై, 1936 నుంచి మూసీ ఒడ్డున కొలువున్న రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంలో ఉద్యోగార్థులు రోజంతా పక్కపక్కనే కూర్చుని చదువుతారు. ఒకరి దగ్గర నిరుటి ప్రతి, ఇంకొకరి దగ్గర ఈ ఏటిది ఉంటే పేజీకి పేజీ సరిపోల్చడం ఎంతసేపు? రెంటిలోనూ ఐఎస్‌బీఎన్ ఒకటే అయితే కోఠిలో దొరికే సెకండ్‌హ్యాండ్ ప్రతి చాలు. ఈ సంగతి పాఠకులకు తెలియనివ్వకూడదు.